కథ చెప్పేవాళ్ల మీద నిఘా

2002 జనవరి 27న జెరూసలేంలోని జాఫా రోడ్డులో బాంబు పేలింది. ఒక వృద్ధుడు చనిపోయాడు. వందమందికి పైగా గాయపడ్డారు. బాంబు తెచ్చిన మనిషీ అక్కడికక్కడే పోయింది. పేరు వఫా ఇద్రిస్. రమల్లా పక్కనున్న అల్ అమారి శరణార్థి శిబిరం ఆమెది. రెడ్ క్రెసెంట్ అంబులెన్సుల్లో స్వచ్ఛందంగా పనిచేసేది. రెండో ఇంతిఫాదా తిరుగుబాటులో ఆత్మాహుతి దాడి చేసిన తొలి పాలస్తీనా స్త్రీ కావడంతో విలేకరులు ఆ శిబిరానికి పరిగెత్తారు. వచ్చేటప్పుడు రెండు సంగతులు పట్టుకొచ్చారు: ఆమెకు పిల్లలు పుట్టలేదు, భర్త విడాకులిచ్చాడు. అంబులెన్సు వెంట తిరుగుతూ ఆమె ఏమేం చూసింది, రబ్బరు తూటాల దెబ్బలు ఎలా తిన్నది అన్నవీ దొరికాయి గానీ, గొడ్రాలి కథ ముందు అవి వెలవెలబోయాయి.

అదే ఊళ్లో అంతకుముందూ ఆ తరవాతా ఎందరో మగవాళ్లు ఇదే పని చేశారు. వాళ్ల పెళ్లాలు వదిలేశారా, పిల్లలున్నారా అని మొదటి పేరాలో అడిగిన పత్రిక అరుదు. మగవాడి బాంబు వెనక సంస్థనీ, సిద్ధాంతాన్నీ, ఆక్రమణనీ వెతికారు. ఆడమనిషి బాంబు వెనక గర్భసంచిని వెతికారు. ఈ తేడా ఒక్కదాన్నే పట్టుకుని లారా షోబెర్గ్, కేరన్ జెంట్రీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పుస్తకం మొత్తం నడిపారు. దాని పేరు ‘మదర్స్, మాన్‌స్టర్స్, హోర్స్’. తల్లులు, రాక్షసులు, వేశ్యలు అన్నమాట. 2007లో జెడ్ బుక్స్ ప్రచురించింది. అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలోకి స్త్రీవాదం తెచ్చిన రచనల్లో పనితనం రీత్యా నాకు బాగా నచ్చినది ఇదే. అది ఏం చెప్పిందో రెండు పేరాల్లో చెప్పేయవచ్చు. ఎలా కట్టారన్నదే నింపాదిగా చూడాల్సిన సంగతి.

ఈ పుస్తకానికి ముందు ఒక ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. దేశాల మధ్య యుద్ధం, సంధి, భయం, బలం గురించి మాట్లాడే ఈ శాస్త్రం చాలాకాలం ఆడవాళ్లు లేని ఊరులాగే నడిచింది. కెన్నెత్ వాల్ట్జ్ 1959లో రాసిన మూలగ్రంథం పేరులోనే మనిషి, రాజ్యం, యుద్ధం అని మూడు ఉన్నాయి. ఆ మనిషి మగవాడని వేరే చెప్పనక్కర్లేకపోయింది. 1988లో ఆన్ టిక్నర్ ఒక వ్యాసం రాసింది. హాన్స్ మోర్గెంథౌ తన పాఠ్యగ్రంథంలో రాజకీయ వాస్తవికవాదానికి ఆరు సూత్రాలు చెప్పాడు కదా, టిక్నర్ ఆ ఆరింటినీ తీసుకుని, అదే వరసలో, ఒక్కొక్కదాన్నీ స్త్రీల అనుభవం కలిపి తిరగరాసింది. కొట్టిపారేయలేదు. అధికారమంటే ఎదుటివాడిని లొంగదీసుకోవడం మాత్రమేనా, కలిసి పని చేయగలగడం కాదా అని అడిగింది. భద్రతంటే సరిహద్దుకే పరిమితమా అని అడిగింది. అంత మర్యాదగా చేసిన తిరుగుబాటు ఆ రంగంలో మరొకటి లేదు. ఆ మరుసటి ఏడాదే సింథియా ఎన్‌లో ‘బనానాస్, బీచెస్ అండ్ బేసెస్’ వచ్చింది. ఆమె పద్ధతి ఇంకా సులువైనది. ఏ ఒప్పందమైనా, ఏ సైనిక స్థావరమైనా, ఏ అరటితోటైనా చూపించి, ఇందులో ఆడవాళ్లు ఎక్కడున్నారు అని అడగడం. అడిగేసరికి దౌత్యవేత్తల భార్యలు, ఇళ్లలో పనివాళ్లు, స్థావరాల చుట్టూ బతికే స్త్రీలు ఒక్కొక్కరే బయటికొచ్చారు.

2001 సెప్టెంబరు దాడుల తరవాత ఈ ప్రశ్నలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఆ నవంబరు 17న అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, ఉగ్రవాదం మీద పోరాటం స్త్రీల హక్కుల కోసం పోరాటం కూడానని చెప్పింది. ఆఫ్ఘన్ ఆడవాళ్ల ముసుగు యుద్ధానికి ఒక కారణమైంది. మరుసటి ఏడాది టిక్నర్ ఒక వ్యాసంలో, లీలా అబూ లుఘోద్ మరో వ్యాసంలో ఈ రక్షణ కథని పట్టుకున్నారు. అబూ లుఘోద్ మానవశాస్త్రవేత్త. ముస్లిం స్త్రీలని నిజంగా ఎవరైనా వచ్చి కాపాడాలా అన్నదే ఆమె వ్యాసం పేరు. ఈ రచనలన్నిటిలోనూ ఆడవాళ్లు బాధితులు, లేదా బాధితులుగా చూపబడ్డవాళ్లు, లేదా శాంతి కోరేవాళ్లు. తుపాకీ పట్టినవాళ్లు, బాంబు కట్టుకున్నవాళ్లు, ఊచకోతకు ఉత్తర్వులిచ్చినవాళ్లు దాదాపు లేరు.

షోబెర్గ్, జెంట్రీ సరిగ్గా అక్కడ నిలబడ్డారు. ఇబ్బంది శత్రుపక్షానికే కాదు, సొంత శిబిరానికి కూడా. ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు చూశాక బార్బరా ఎరెన్‌రైక్ లాంటి పేరున్న స్త్రీవాది, ఆడవాళ్లు నైతికంగా మగవాళ్ల కంటే మెరుగన్న అమాయక స్త్రీవాద నమ్మకం ఆ ఫొటోలతో కూలిపోయిందని 2004లో బాహాటంగా రాసుకుంది. ఆ నమ్మకం చాలామందికి ఉండేది. ఈ పుస్తకం ముందు ఆ నమ్మకం కాళ్ల కింద చాప లాగి, తరవాత మాట్లాడుతుంది.

పుస్తకం పట్టుకున్న కథలు మూడు. హింస చేసిన స్త్రీ గురించి పత్రికలు, ప్రభుత్వాలు, చివరికి పండితులు కూడా తిరిగి తిరిగి ఈ మూడే చెబుతారని వాళ్ల వాదన. మొదటిది తల్లి: బిడ్డ పోయింది, భర్త పోయాడు, కడుపుకోత తట్టుకోలేక చేసింది, లేదంటే మగవాళ్ల పోరాటానికి అన్నం పెట్టి, గాయాలు కట్టి, చివరికి అందులోనే కొట్టుకుపోయింది. రెండోది రాక్షసి: మతి చెడింది, పుట్టుకలోనే ఏదో లోపం, అసలు ఆడదే కాదు. మూడోది వేశ్య: కామం తలకెక్కి చేసింది, లేదా కామం తీరక చేసింది, లేదా ఎవడో లోబరచుకుని వాడుకున్నాడు. ఒకదానికొకటి పొసగని కథలివి. అయినా మూడింటి అడుగునా ఒకే మాట ఉంది: ఆమె నిర్ణయించుకుని చేయలేదు. పేగు చేయించింది, పిచ్చి చేయించింది, పక్క చేయించింది. మన స్త్రీవాద విమర్శ కర్తృత్వం అనేది ఏదో, అది ఈ మూడింటిలోనూ లేదు. చేసిన పనికి ఆమెను కర్తగా ఒప్పుకుంటే ఆడతనం గురించి మనకున్న బొమ్మ పగులుతుంది. అందుకని బొమ్మను కాపాడి, ఆమెను ఆ బొమ్మలోంచి తీసేస్తారు.

ఇక్కడే మొదటి పనితనం. ఇలాంటి విషయం చేతికొచ్చిన ఎవరికైనా ఒక ఆశ పుడుతుంది: అసలు ఆమె ఎందుకు చేసిందో నేను చెబుతాను అని. పాత్రికేయురాలు బార్బరా విక్టర్ 2003లో ‘ఆర్మీ ఆఫ్ రోజెస్’లో ఆ పనే చేసింది. పాలస్తీనా స్త్రీ బాంబర్ల ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్కరి వెనకా ఒక విడాకులో, ఒక అపవాదో, ఒక పెళ్లికాని బతుకో చూపించి, మగవాళ్లు ఆ బలహీనతని వాడుకున్నారని తేల్చింది. షోబెర్గ్, జెంట్రీ ఆ ఆశని మొదట్లోనే చంపుకున్నారు. వాళ్ల దుర్భిణి బాంబు పెట్టిన స్త్రీ వైపు లేదు, ఆమె కథ చెప్పినవాళ్ల వైపు ఉంది. వఫా మనసులో ఏముందో మాకు తెలుసని వాళ్లు ఎక్కడా అనరు. వఫా మనసు తమకు తెలుసన్నవాళ్లని వరసగా నిలబెట్టి, నీకెలా తెలుసు, మగవాడి విషయంలో ఇదే ఎందుకు అడగలేదు అని అడుగుతారు. దాదాపు రెండు వందల పేజీల పాటు ఈ నిగ్రహం సడలదు. పరిశోధకులకు ఇది ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుస్తుంది. ప్రతి అధ్యాయంలోనూ ఒక కథ నోరూరిస్తూ ఎదురుగా ఉంటుంది.

రెండో పనితనం వరసలో ఉంది. పుస్తకం అట్ట చూసి తెరిచిన పాఠకుడు ముందుగా గాజానో చెచెన్యానో ఎదురుచూస్తాడు. సిద్ధాంతం అయ్యాక వచ్చే తొలి ఉదాహరణ అబూ ఘ్రైబ్. అంటే అమెరికా సైనికులు. 2004 ఏప్రిల్ ఆఖరున బాగ్దాద్ దగ్గరి ఆ జైలు ఫొటోలు అమెరికన్ టీవీలో వచ్చినప్పుడు, నేరం మోపబడిన కింది స్థాయి సైనికుల్లో ముగ్గురు స్త్రీలు: లిండీ ఇంగ్లండ్, సబ్రీనా హార్మన్, మేగన్ ఆంబుల్. వాళ్లపైన జైళ్ల అధికారిగా బ్రిగేడియర్ జనరల్ జానిస్ కార్పిన్‌స్కీ ఉంది. తరవాత ఆమెను కల్నల్‌గా కిందికి దింపారు. నగ్నంగా పడున్న ఖైదీ మెడకు తగిలించిన పట్టీ పట్టుకుని ఇంగ్లండ్ నిలబడ్డ ఫొటో భూగోళమంతా తిరిగింది.

ఈ అధ్యాయాన్ని ముందు పెట్టడంతో పాఠకుడు తప్పించుకునే దారి మూసుకుపోయింది. హింస చేసే ఆడవాళ్లు అంటే పరాయి మతం, పరాయి దేశం, అర్థం కాని సంస్కృతి అని సర్దుకునే వీలు లేదు. ఈమె వెస్ట్ వర్జీనియా అమ్మాయి. అయినా కథలు అవే. ఇంగ్లండ్ తన పైవాడు చార్ల్స్ గ్రేనర్ మాయలో పడిందన్నారు. అతనితో సంబంధం, గర్భం, పుట్టిన బిడ్డ, చిన్నప్పటి మానసిక సమస్యలు, కోర్టులోనూ పత్రికల్లోనూ అన్నీ వచ్చాయి. వేశ్య, తల్లి, రాక్షసి, ఒక్క మనిషి మీదే మూడు ముద్రలు. గ్రేనర్‌కు పదేళ్ల శిక్ష పడింది, ఇంగ్లండ్‌కు మూడేళ్లు. గ్రేనర్ చేసిన పనికి అతని ప్రేమలు కారణమని ఎవరూ రాయలేదు.

అధ్యాయంలో ఇంకో మెలిక ఉంది. అమెరికా సైన్యంలో ఆడది ఎలా ఉండాలో దేశానికి అప్పటికే ఒక నమూనా దొరికింది: జెసికా లించ్. 2003 ఏప్రిల్ 1న ఇరాక్ ఆసుపత్రి నుంచి ఆమెను విడిపించిన వీడియో ప్రపంచం చూసింది. చిన్నది, తెల్లది, ధైర్యవంతురాలు, అంతలోనే కాపాడవలసినది. ఇంగ్లండ్ ఆ నమూనాకు పూర్తి తిరగబడ్డ రూపం. అందుకే అబూ ఘ్రైబ్ స్త్రీలు మూడు గీతలు దాటారని పుస్తకం అంటుంది: చట్టం గీత, ఆడతనం గీత, మంచి ఆడసైనికురాలి గీత. ఇద్దరి కథలూ యుద్ధం చేసేవాళ్ల అవసరానికే అల్లినవి. పుస్తకం వచ్చిన ఏడాదే, 2007 ఏప్రిల్‌లో, లించ్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తాను వీరోచితంగా కాల్పులు జరిపానన్న కథ అబద్ధమని చెప్పింది. పొగడ్త కథని కూడా ఆమె తన భుజాల మీంచి దించేసింది. ఈ సాక్ష్యం ఆ అధ్యాయానికి రచయితలు రాయని ఫుట్‌నోట్‌లా ఉంటుంది నాకు.

చెచెన్యా అధ్యాయంలో వాళ్లు చేసింది ఇంకా సన్నని పని. 2002 అక్టోబరులో మాస్కోలోని దుబ్రోవ్కా నాటకశాలను చెచెన్ సాయుధులు పట్టుకున్నారు. సుమారు 40 మందిలో 19 మంది స్త్రీలు. నల్ల దుస్తులు, నడుముకు పేలుడు పదార్థాల పట్టీలు. రష్యా సైన్యం చెచెన్యా వదిలి పోవాలన్నది వాళ్ల డిమాండు. మూడో రోజు గడిచాక ప్రత్యేక దళాలు లోపలికి గ్యాసు వదిలాయి. బందీలే సుమారు 130 మంది చనిపోయారు. స్పృహ తప్పి కుర్చీల్లో వాలిన ఆ స్త్రీలను అక్కడే కాల్చి చంపారు. అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఇక చెప్పేవాడిదే కథ. రష్యా పత్రికలు నల్ల వితంతువులు అని పేరు పెట్టాయి, ఆ పేరు ప్రపంచమంతా పాకింది. అందరూ వితంతువులు కారు, అక్కచెల్లెళ్లున్నారు, పెళ్లి కానివాళ్లున్నారు. అయినా పేరు నిలిచింది. భర్త చావు అనగానే అతన్ని చంపినదెవరు, ఏ యుద్ధంలో అన్న ప్రశ్న వెనక్కి పోతుంది, ఏడుస్తున్న పెళ్లాం ముందుకొస్తుంది. అది చాలదని వాళ్లకు మందు పెట్టారన్నారు, మెదడు కడిగారన్నారు, చెరిచి లొంగదీశారన్నారు. పగతో రగిలిపోతున్న మనిషికి మందు పెట్టాల్సిన పనేమిటి? పుస్తకం ఈ కథలని ఒక్కొక్కటిగా ఖండించే శ్రమ తీసుకోదు, పక్కపక్కన పేరుస్తుంది. అవి ఒకదాన్నొకటి కొట్టుకుని పడిపోతాయి.

పాలస్తీనా అధ్యాయం గురించి తక్కువ చెబుతాను, వఫా కథ ముందే చెప్పాను కనుక. హనాది జరాదాత్ గురించి మాత్రం ఒక మాట. 2003 అక్టోబరు 4న హైఫాలో ఒక రెస్టారెంటులో ఆమె పేల్చిన బాంబుకు 21 మంది చనిపోయారు. న్యాయవాద వృత్తిలో శిక్షణ పొందుతున్న చదువుకున్న మనిషి. ఇజ్రాయెల్ సైనికులు ఆమె తమ్ముడినీ బంధువునీ చంపారు. అదే వరసలో ఒక యువకుడు ఈ పని చేస్తే పోరాటం అనో ఉగ్రవాదం అనో అంటాం. రెండూ రాజకీయం మాటలే. ఆమెది మాత్రం దుఃఖమైంది. ఇక్కడ జాగ్రత్తగా చదివేవాళ్లకు ఒక సందేహం రావాలి: మగ బాంబర్లకు కూడా స్వర్గంలో కన్యల ఆశ అంటగట్టారు కదా, వాళ్ల కామాన్నీ తవ్వారు కదా? నిజమే. ముస్లిం మగవాడి విషయంలో పాశ్చాత్య పత్రికలు ఆ పనీ చేశాయి. తేడా ఏమిటంటే, అతనికి అది తాలింపు. అతని సంస్థ ఏమడుగుతోంది, ఎవరితో చర్చించాలి అన్న అసలు వంట వేరే జరుగుతూనే ఉంటుంది. ఆమెకు తాలింపే వంట.

అసలు సాహసం ఆరో అధ్యాయంలో ఉంది. అంతవరకు పాఠకుడి సానుభూతి కొంతైనా ఆ స్త్రీల వైపు మొగ్గి ఉంటుంది. ఎక్కడో యుద్ధంలో నలిగినవాళ్లు కదా అని. ఇప్పుడు ఊచకోతలు వస్తాయి. బిల్యానా ప్లావ్‌షిచ్ జీవశాస్త్ర ఆచార్యురాలు, బోస్నియా సెర్బుల నాయకురాలు, 1996 నుంచి 1998 దాకా రిపబ్లికా సర్ప్‌స్కా అధ్యక్షురాలు. నేరం ఒప్పుకున్నాక 2003లో హేగ్ ట్రిబ్యునల్ పదకొండేళ్ల శిక్ష వేసింది. పాలిన్ న్యిరామసుహుకో రువాండాలో కుటుంబ, మహిళాభివృద్ధి మంత్రి. 1994 నరమేధంలో ఆమె పాత్ర మీద విచారణ ఈ పుస్తకం వచ్చేనాటికి ఇంకా నడుస్తోంది. 2011లో యావజ్జీవ శిక్ష పడింది, అప్పీలులో 47 ఏళ్లకు తగ్గింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో నరమేధ నేరం రుజువైన తొలి స్త్రీ ఆమె. అత్యాచారాలకు బాధ్యురాలిగా కూడా తేలింది. మహిళాభివృద్ధి మంత్రి!

వీళ్లకి కూడా కర్తృత్వం ఉందని ఒప్పుకోవాలని పుస్తకం పట్టుబడుతుంది. స్త్రీకి నిర్ణయశక్తి ఉందనడం ఆమెను మెచ్చుకోవడం కాదు, బాధ్యురాలిని చేయడం కూడా. న్యిరామసుహుకో ఈ మూడు కథలనే పెట్టెల వాడకం బాగా తెలిసిన మనిషి. 1990లలో బీబీసీతో మాట్లాడుతూ కోడిపిల్లని కూడా చంపలేనని, ఒక తల్లి చంపిందని ఎవరైనా అంటే ఎదుర్కొంటానని అంది. తల్లి కథ ఆమె మీద రుద్దింది కాదు, ఆమే కవచంగా తొడుక్కుంది. ఇతరులు చెప్పే కథలు ఎంత బలమైనవో చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు: నేరస్తురాలికే అవి పనికొచ్చాయి.

రచయితలు మాటల విషయంలో చూపిన శ్రద్ధ ఒకటి చెప్పి తీరాలి. ఒకే పుస్తకంలో సైనికులు, ఆత్మాహుతి దళాలు, మంత్రులు ఉన్నారు. అందరినీ ఉగ్రవాదులనలేరు. నిషిద్ధ హింస అన్న మాట ఎంచుకున్నారు: చేయడానికి ఎవరూ అనుమతి ఇవ్వని, చట్టమూ యుద్ధనీతీ ఒప్పుకోని హింస. ఉగ్రవాది ఎవరన్న ఎడతెగని తగాదాలోకి దిగకుండా పని నడిపించడానికి ఆ మాట దారి ఇచ్చింది. ఇక చివరి సిద్ధాంతం, సంబంధాల మధ్య స్వేచ్ఛ అనే ఆలోచన. ఏ మనిషీ శూన్యంలో నిర్ణయం తీసుకోడు. కుటుంబం, ఊరు, కులం, యుద్ధం, ప్రేమ, బాకీలు అన్నిటి మధ్యే తీసుకుంటాడు. అంతమాత్రాన నిర్ణయం అతనిది కాకుండా పోదు. ఇది స్త్రీలకే కాదు, మగవాళ్లకీ. అంటే ఆడవాళ్లని మగవాళ్లలా లెక్కలు వేసుకునే ఒంటరి మనుషులుగా చూడమని కాదు, మగవాళ్లని కూడా ఆడవాళ్లలా సంబంధాల్లో చిక్కుకున్నవాళ్లుగా చూడమని. వాదనను ఇలా తిరగేయడంలో టిక్నర్ పాఠం వినిపిస్తుంది. షోబెర్గ్ డాక్టరేట్ చేసింది టిక్నర్ పాఠాలు చెప్పిన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే.

లోపాలు లేవని కాదు. మూడు పెట్టెలు కొన్నిచోట్ల మరీ చక్కగా సరిపోతాయి. మనుషుల కథలు అంత చదునుగా ఉండవు. వ్యక్తి హింసకు దిగడం గురించిన సిద్ధాంతాలన్నిటినీ ఏకరువు పెట్టే చివరి అధ్యాయం పొడిపొడిగా సాగుతుంది, ఓపిక ఉన్నవాళ్లే దాటుతారు. అన్నిటికంటే పెద్దది: ఆ స్త్రీల గొంతు పుస్తకంలో దాదాపు లేదు. కథ చెప్పేవాళ్ల మీద నిఘా పెట్టాలనుకున్నందుకు కట్టిన మూల్యం అది. ఖాళీ కుర్చీని ఖాళీగా ఉంచడం నిజాయితీయే, కాని పుస్తకం మూసేసరికి ఆ ఖాళీ కాస్త పెద్దదిగానే కనిపిస్తుంది.

ఈ మూడు పెట్టెలూ మన దగ్గర లేవా అంటే, తెరమీద వరసగా ఉన్నాయి. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ఎన్నికల సభ ముగించుకుని మద్రాసు వెళ్లాడు, ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యాడు. పేల్చుకున్న తమిళ పులుల సభ్యురాలు ధనును శ్రీలంకలో భారత శాంతిదళ సైనికులు చెరిచారన్న కథ అప్పటినుంచీ ఊళ్లేలుతోంది. దర్యాప్తు చూపించింది మాత్రం నెలల సన్నాహం: మే 7న మద్రాసులో వి.పి.సింగ్ సభకు దండతో వెళ్లి ముందుగా అభ్యాసం చేసుకున్న మనిషి ఆమె. ఏడేళ్ల తరవాత వచ్చిన ‘దిల్ సే’ మన దగ్గర ‘ప్రేమతో’గా ఆడింది. అందులో బాంబు కట్టుకున్న మేఘన చిన్ననాడు సైనికుల అత్యాచారానికి గురైన పిల్ల. అదే ఏడాది సంతోష్ శివన్ తమిళ చిత్రం ‘ది టెర్రరిస్ట్’లో మల్లి గర్భవతినని తెలిశాక వెనక్కి తగ్గుతుంది. 2002లో మణిరత్నం ‘అమృత’లో పులుల దళంలో చేరినామె ముందు ఒక అమ్మ, తరవాతే మిగతావన్నీ. మూడు మంచి సినిమాలే, నేను మూడింటినీ ఇష్టపడ్డాను. మూడింటిలోనూ ఆమె రాజకీయం కంటే ఆమె ఒళ్లే పెద్ద కారణం.

వేణు ఊడుగుల ‘విరాటపర్వం’ 2022లో వచ్చింది. వెన్నెల దళంలో చేరడానికి కారణం రవన్న కవిత్వం మీద, అతని మీద ప్రేమ. మీరాబాయి పోలిక సినిమానే తెస్తుంది. షోబెర్గ్, జెంట్రీ మూడో పెట్టెలో దీన్ని తేలిగ్గా వేసేయవచ్చు. నాకు అంత తేలిగ్గా పడదు అనిపిస్తుంది. ఆ ప్రేమ ఆమెను ఎవరో లాక్కుపోయినట్టు లేదు. ఊరు, అమ్మానాన్న, చివరికి దళమే వద్దన్నా మొండిగా నడిచి వెళ్లినట్టుంది. ప్రేమలోనే ఆమె నిర్ణయం ఉంది. సంబంధాల మధ్య స్వేచ్ఛ అనే వాళ్ల సొంత ఆలోచన ఇక్కడ వాళ్ల మూడు పెట్టెల కంటే పదునైన పనిముట్టు.

ఖాళీ కుర్చీ సంగతికొస్తే, అందులో మనుషుల్ని కూర్చోబెట్టిన పని తెలుగులో అంతకు ఇరవై ఏళ్ల ముందే జరిగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటల్లోనే రాసుకున్న పుస్తకం. దాని ఆంగ్లరూపాన్ని విదేశాల్లో వేసింది కూడా జెడ్ బుక్సే. ఆ స్త్రీలు దొర మీద కోపం చెబుతారు, దళంలో పాటలు చెబుతారు, తుపాకీ పట్టినప్పటి ఉత్సాహం చెబుతారు. పోరాటం ఆపేశాక ఇళ్లకు పొమ్మని, పెళ్లిళ్లు చేసుకొమ్మని కమ్యూనిస్టు పార్టీ అన్నప్పటి బాధ కూడా చెబుతారు. ఎందుకు చేశావంటే ఒక్క కారణం చెప్పి ఊరుకున్నవాళ్లు కనిపించరు. పద్ధతి పూర్తిగా ఎదురుది. షోబెర్గ్, జెంట్రీ చెప్పేవాళ్లని వింటారు, వీళ్లు చేసినవాళ్లని వింటారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

మిరాండా ఆలిసన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండో దారిలోదే. శ్రీలంకలో పులుల దళాల స్త్రీలతోనూ, ఉత్తర ఐర్లండ్‌లో సాయుధ స్త్రీలతోనూ ఆమె స్వయంగా మాట్లాడింది. తమిళ స్త్రీలు చెప్పినవాటిలో ఈళం ఉంది, ఇంట్లో చావులు ఉన్నాయి, ఊరు వదిలిపోవడం, చదువు తెగిపోవడం ఉన్నాయి, సైనికుల అత్యాచారాల భయం ఉంది, ఆడవాళ్ల బతుకు మారాలన్న కోరికా ఉంది. ఒకే మనిషి మాటల్లో ఇవి రెండు మూడు కలిసి వస్తాయి. సినిమాలు పట్టుకున్నది అబద్ధమేమీ కాదు. ఈ గుత్తిలోంచి ఒక్కదాన్ని తుంపుకుని అదే చెట్టు అన్నాయి.

ఇక మిగిలినది కష్టమైన కేసు. పులులు మైనరు పిల్లల్ని బలవంతంగా చేర్చుకున్నారని యూనిసెఫ్ ఏళ్ల తరబడి నమోదు చేసింది. నైజీరియాలో బోకో హరామ్ చిన్నపిల్లల ఒంటికి బాంబులు కట్టి బజార్లలోకి పంపింది. అక్కడ, ఆమె నిర్ణయించుకోలేదు అన్న మాట అక్షరాలా నిజం. హనాది జరాదాత్‌నీ అలా పంపిన ఒక పిల్లనీ పాత మూడు కథలు ఒకే గాటన కడతాయి: ఇద్దరూ పాపం, ఎవరో చేయించారు. కేసు తీర్పు చెప్పాల్సిన జడ్జికి, పిల్లకి పునరావాసం చూడాల్సిన అధికారికి, సంధి మాట్లాడాల్సిన దౌత్యవేత్తకి ఆ ఇద్దరినీ విడదీసి చూడగలగడమే మొదటి పని. ఎవరి మధ్య, ఏ ఒత్తిళ్ల మధ్య, ఎంత జాగాలో ఈ నిర్ణయం జరిగింది అని అడిగే కొలత ఈ పుస్తకం ఇచ్చింది. ఆ కొలతలో హనాది ఒకచోట ఆగుతుంది, ఆ పిల్ల చాలా దూరంగా ఇంకోచోట ఆగుతుంది.